డాక్టరు ఆశ్చర్యపోయిన చోటు

నా తమ్ముడు పౌలును నడిపించి నడిపించి చంపింది ఆ ఇంగ్లీషు సినిమాలేనని మా మరదలు ఫేబ మొన్న ఆదివారం దాకా అందరికీ చెప్పింది. పలకరించడానికి వచ్చినవాళ్లు అయ్యో అనేవారు. పక్కనే కుర్చీలో కూర్చుని నేను తల ఊపేవాణ్ని. కానీ ఆ సినిమాలకు తెలుగు రాదు. పౌలుకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్నది నేను.

నా పేరు జయానందం. మెదక్‌లో ముప్పై ఒక్కేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అయినా ఊళ్లో నన్ను ఇంగ్లీషు సారు అని ఎవరూ అనరు, తర్జుమా సారు అంటారు. బయటి దేశాల బోధకులు వచ్చినప్పుడు, పల్లెల్లో ఉజ్జీవ కూటాలని ప్రార్థన సభలు పెట్టినప్పుడు, వాళ్ల పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెప్పేది నేనే. ఎల్దుర్తి నుంచి నర్సాపూర్ దాకా నా గొంతు వినని పందిరి లేదు.

ఆ పనిలో నాకొక కిటుకు ఉండేది. మనిషిని పైకి లేపాలంటే ముందు గుంత లోతుగా తవ్వాలి. వచ్చిన బోధకుడు, పాపం, ఉన్నది ఉన్నట్టు, ‘ఆ వారం నాకు మనసు అంత బాగాలేదు’ అంటాడు. నేను మైకు దగ్గరికి లాక్కుని ‘ఆ వారం నేను చావునే కోరుకున్నాను’ అంటాను. ఆయన ‘తరువాత కొంచెం తేరుకున్నాను’ అంటాడు. నేను ఒక్క క్షణం ఆగుతాను. ఆ ఆగడంలోనే ఉంటుంది అంతా. పందిరి మొత్తం నా నోటి వంక చూస్తుండగా ‘కానీ చావు నన్ను ముట్టలేకపోయింది’ అంటాను. ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. అదంతా తన ప్రసంగం గొప్పేననుకుని బోధకుడు నా భుజం తట్టి వెళ్లిపోయేవాడు. నేను దాన్ని అబద్ధం అనుకోలేదు. వడ్డించేటప్పుడు ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేశాననుకున్నాను.

పౌలు నాకంటే పదకొండేళ్లు చిన్న. బస్టాండు దాటాక రోడ్డు పక్కన వాడి పంక్చరు షాపు ఉండేది. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. నేను మైకు ముందు నిలబడితే మొదటి వరుసలో కూర్చుని, ఆ మాటలన్నీ నావే అన్నట్టు మురిసిపోయేవాడు. వాడికి ఒక్కతే కూతురు, నిస్సి. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా డెంగీ వచ్చి ఆరు రోజుల్లో పోయింది. ఆ తరువాత తొమ్మిది నెలలు వాడు షాపు తెరవలేదు. మాట్లాడలేదు. షుగర్ మాత్రలు కూడా ఫేబ చేతిలో పెట్టి నిలబడితేనే మింగేవాడు. దేవుడి మీద కోపమైనా లేదు వాడికి. కోపం ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ని.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక వాణ్ని మా ఇంటికి తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టాను. రిటైరయ్యాక నాకు ఒక పిచ్చి పట్టుకుంది. కొండలూ అడవులూ పట్టుకుని నెలల తరబడి నడిచేవాళ్ల సినిమాలు చూడటం, వాళ్లు రాసిన పుస్తకాలు చదవడం. మోకాళ్ల నొప్పులతో కూరగాయల మార్కెట్ దాకా నడవలేనివాణ్ని, కుర్చీలో కూర్చుని వేల మైళ్లు నడిచాను.

అవన్నీ చూశాక, చదివాక చెబుతున్నాను, అవన్నీ ఒకటే కథ. ఎవరో చనిపోతారు. మిగిలినవాళ్లు ఒక పెద్ద సంచీ భుజాన వేసుకుని బయలుదేరతారు. మూడో రోజున బొబ్బలు, పదో రోజున వాన. ఎవడో ముసలాయన రొట్టె ఇచ్చి ఒక మంచి మాట చెబుతాడు. చివరికి ఒక కొండ కొస, దాని మీద ఎండ, వెనక సంగీతం, కళ్లలో నీళ్లు. పోయినవాళ్లు పోయినట్టే ఉంటారు గానీ మిగిలినవాడు తేలికైపోతాడు. ఆ నడిచేవాళ్లలో ఒక్కడికీ షుగర్ ఉండదు. కుక్కలు వెంటపడవు. పక్క నుంచి ఇసుక లారీ దుమ్ము కొట్టి పోదు. ఏ భార్యా మందులు పట్టుకుని వెతుక్కుంటూ రాదు. పుస్తకాల్లోనైతే ఇంకా నయం, పాదాల గురించి రెండు పేజీలు ఉంటాయి, కానీ అవి కూడా బాగైపోయిన పాదాల గురించే. నడక ఆపేసి ఇంటికి వెళ్లినవాడు పుస్తకం రాయడు కదా.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు నాకు కావలసింది వేరు. నా తమ్ముడు ఒక్క మాట మాట్లాడితే చాలు.

ఆ సినిమాలో ఒక స్కూలు బస్సు డ్రైవరు ఉంటాడు. కూతురు పోతుంది. సముద్రం పక్కన రాళ్ల దారిలో ఐదు నెలలు నడుస్తాడు. ప్రతి మాటకూ నేను కూటాల్లో చెప్పినట్టే చెబుతూ పోయాను. కూతురు అన్న మాట వినగానే పౌలు వీపు నిటారు చేసుకుని కూర్చున్నాడు. నాలుగో నెలలో ఆ డ్రైవరు ఒక చోట రాయి మీద కూలబడి అంటాడు: ‘నా పాదాలు నాకు తెలియడం లేదు. భయమేస్తోంది.’

నేను పౌలు ముఖం చూశాను. తొమ్మిది నెలల తరువాత ఆ ముఖంలో ఏదో కదులుతోంది. ఇక్కడ భయం అనే మాట వేస్తే అది ఆరిపోతుందనిపించింది. ఒక్క క్షణం ఆగాను.

“నొప్పి పోయిందంటున్నడు తమ్మీ. ఇగ గీ పాదాలు నావి కావు, దేవునివి అంటున్నడు” అన్నాను.

వెంటనే తెర మీద చిన్న దవాఖాన వచ్చింది. ఒక డాక్టరు ఆ డ్రైవరు పాదాలు చేతిలోకి తీసుకుని తల అడ్డంగా ఊపుతూ ఏదో చెబుతున్నాడు. ‘మూడు వారాలు కదలొద్దు. వీటి మీద ఇంకా నడిస్తే ఇవి నీకు మిగలవు.’ ఆ సన్నివేశం అర నిమిషం కూడా లేదు. సంగీతం కూడా పెట్టలేదు. తరువాతి దృశ్యంలో మనిషి మళ్లీ కొండ ఎక్కుతుంటాడు. మూడు వారాలు ఎక్కడికి పోయాయో సినిమా చెప్పదు.

“డాక్టరు ఏమంటుండు?” పౌలు అడిగాడు. నెలల తరువాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది.

“ఆశ్చర్యపోతుండు” అన్నాను. “ఇన్ని దినాలు నడిచినా గీ పాదాలు గిట్లెట్ల ఉన్నయని ఆశ్చర్యపోతుండు.”

సినిమా అయిపోయాక పౌలు నా చేయి పట్టుకుని, “అన్నా, నేను గూడ నడుస్త” అన్నాడు. వాడు నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా జీవితంలో ఇంతకంటే గొప్ప తర్జుమా చేయలేదని ఆ రోజు రాత్రి భోజనం దగ్గర గర్వపడ్డాను కూడా.

లెంటు ఉపవాస దినాలు మొదలైన బుధవారం నాడు బయలుదేరాలని వాడే నిర్ణయించుకున్నాడు. మెదక్ నుంచి ఎల్దుర్తి, అక్కడి నుంచి శివ్వంపేట, నర్సాపూర్, మళ్లీ మెదక్. చుట్టుకు ఐదు రోజులు, మధ్యలో ఇంట్లో ఒకటి రెండు రోజులు ఆగడం. అలాంటివి ఏడు. ఏడో చుట్టు గుడ్ ఫ్రైడే పొద్దున పెద్ద చర్చి మెట్ల దగ్గర ముగించాలి. ఆ మెట్ల మీద కూర్చుని నిస్సి చిన్నప్పుడు చెప్పులు తొడుక్కునేది.

ఫేబ ఇంటి ముందు గదిలో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మిషన్ ఆపి నా దగ్గరికి వచ్చింది. “షుగర్ మనిషి ఎండల నడుసుడేంది బావా? మీరన్న జర చెప్పుండ్రి.”

షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ పోతుందని నాకు తెలియదా? తెలుసు. దవాఖాన గోడ మీద బొమ్మ వేసి మరీ రాసి ఉంటుంది. “ఫేబా, నవ్వుతుండు చూడు” అన్నాను. ఆమె తలుపులోంచి వాణ్ని చూసింది. కొత్త కాన్వాసు బూట్లకు తాళ్లు ఎక్కిస్తూ వాడు ఏదో పాట గొణుక్కుంటున్నాడు. వెనక్కి వెళ్లి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది.

మా వైపు రోడ్డు మీద ఒంటరిగా నడిచే మనిషి అంటే ఓట్లకు తిరిగేవాడన్నా కావాలి, మొక్కు ఉన్నవాడన్నా కావాలి, లేదా బస్సు తప్పినవాడు. ఊరికే నడుస్తున్నానంటే ఎవరూ నమ్మరు. బండి ఆపి, “ఎక్కు కాకా, ఏడ దిగుతవ్?” అనేవారట. శివ్వంపేటలో భూమయ్య అనే రైతు వీడికి మతి పోయిందనుకుని మంచంలో కూర్చోబెట్టి ఇంటికి ఫోన్ చేశాడు. ఫేబ పొద్దున్నే పని ముగించుకుని, వాడు ఆ రోజు ఎక్కడుంటే అక్కడికి బస్సులో టిఫిన్ డబ్బా, మాత్రలు పట్టుకుని వెళ్లేది. బస్సు కిటికీలోంచి భర్తను చూసి, తరువాతి స్టేజీలో దిగి, వెనక్కి నడిచి వచ్చేది. ఆ నడకను ఎవరూ సినిమా తీయరు.

వాడి నడకను మాత్రం తీశారు. మూడో చుట్టులో ఇంద్రకరణ్ అని, ఊళ్లో ఫోనుతో వీడియోలు చేసే కుర్రాడు ఎదురుపడ్డాడు. ‘కూతురి కోసం నడుస్తున్న తండ్రి’ అని పేరు పెట్టి, పాదాలు నెమ్మదిగా కదిలేటట్టు చేసి, వెనక వయొలిన్ వేసి వదిలాడు. అప్పటికే పాదాలు వాచి బూట్లు పట్టక పౌలు హవాయి చెప్పులతో నడుస్తున్నాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఈడ్చే ముక్కను ఇంద్రకరణ్ కత్తిరించేశాడు. నేను ఆ వీడియోను నలభై మందికి పంపించాను.

ఐదో చుట్టులో శివ్వంపేట నుంచి పౌలు ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

“అన్నా, టైరు తీగ! లారీ టైరు పేలితే రోడ్డంత పడి ఉంటది గద, గా తీగ. చెప్పులకెళ్లి సక్కగ పాదంల దిగింది. ఎన్ని దినాలాయెనో ఏమో. ఇయ్యాల రక్తం మరక చూసి, పంక్చర్ షాపుల పట్కారు అడిగి తీసుకొని గుంజిన. జరంత గూడ నొప్పి లేదన్నా!”

ఆ తీగ వల్ల పడ్డ పంక్చర్లను వాడు ముప్పై ఏళ్లు వేశాడు. చేతితో తడిమి ఎక్కడ గుచ్చుకుందో చెప్పేవాడు.

“గా సినిమల చెప్పినవ్ గద, గదే అయింది నాకు” అన్నాడు.

“తమ్మీ, ఎందుకన్న మంచిది, దవాఖానల చూపెట్టుకో” అన్నాను.

“చూపెడత, చూపెడత. డాక్టరు గూడ ఆశ్చర్యపోతడు” అని నవ్వి పెట్టేశాడు.

అప్పుడే బస్సెక్కి వెళ్లి, నేను అబద్ధం చెప్పానురా అని ఉంటే సరిపోయేది. మెదక్ నుంచి శివ్వంపేట ఎంత దూరం! నేను వెళ్లలేదు. బాగవుతుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటైపోయింది. ఇన్నేళ్లుగా పందిళ్లలో అందరినీ బాగుచేసి ఇంటికి పంపించిన నోరు కదా ఇది.

ఆరో చుట్టు రెండో రోజున ఎల్దుర్తి దాటాక పడిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. పాదం నల్లబడి, వాసన వస్తోందని ఒక ఆటో డ్రైవరు ఫోన్ చేశాడు. మెదక్‌లో చూసి వెంటనే పట్నం తీసుకుపొమ్మన్నారు. పట్నంలో పెద్ద దవాఖాన, ఐదో అంతస్తు. సర్జను కేరళ మనిషి. తెలుగు రాదు. పేషెంటుకు అర్థమయ్యేటట్టు చెప్పమని నన్ను మంచం పక్కన నిలబెట్టాడు. మంచానికి అవతల ఫేబ నిలబడి ఉంది, టిఫిన్ డబ్బా సంచీ ఇంకా భుజానే ఉంది.

పౌలుకు స్పృహ బాగానే ఉంది. దిండు మీద తల కొంచెం ఎత్తి, మొదటి వరుసలో కూర్చున్నప్పటిలాగే నా నోటి వంక చూశాడు.

డాక్టరు ఒక వాక్యం చెప్పి ఆగాడు. నేను చెప్పాను. “పాదం చచ్చిపోయింది తమ్మీ.”

ఇంకొకటి. “విషం పైకి ఎక్కుతుంది.”

ఇంకొకటి. “మోకాలు కింద దాకా ఇయ్యాలనే తీసెయ్యాలె.”

ఇంకొకటి. “తియ్యకపోతే రెండు దినాలకంటే ఎక్కువ బతకవు.”

జీవితంలో మొట్టమొదటిసారి ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తీయకుండా తర్జుమా చేశాను. డాక్టరు వాడి పాదం వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

పౌలు ముఖం విప్పారింది. “గా సినిమల డాక్టరు లెక్కనే చేస్తుండు గదన్నా!”

నేను డాక్టరు వంక చూశాను.

“మస్తు చెప్తున్నవ్. తర్వాత?”

“తర్వాత ఏం లేదు తమ్మీ.”

“ఉంటది. నాకు ఎర్కలేదా? నువ్వు ముందుగాల గుంతల పడేస్తవ్, జర ఆగి లేపుతవ్. చెప్పు.”

“గంతే చెప్పిండురా. ఇంకేం చెప్పలే.”

వాడు నేను ఆగానని అనుకున్నాడు. ఓపిగ్గా చూశాడు. డాక్టరు కాగితం ముందుకు చాపి, సంతకం చేస్తాడా అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. ఫేబ మంచం పట్టె పట్టుకుని, “చెయ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత, చెయ్యుండ్రి” అని ఏడుస్తోంది. పౌలు ఆమె తల నిమిరాడు. “గుడ్ ఫ్రైడే ఎనిమిది దినాలే ఉన్నది. గా మెట్లు ఎక్కి వస్త. గప్పుడు గూడ కోసెయ్యాలంటే కోసుకోమను” అన్నాడు.

ఒక్క మాట మిగిలి ఉంది. ఆ సినిమాలో డాక్టరు ఆశ్చర్యపోలేదురా, ఆగిపొమ్మన్నాడు. ఆ మాట నా గొంతులోనే ఉంది. చెబితే వాడు నమ్మేవాడు, సంతకం చేసేవాడు. ఒంటికాలితో, నన్ను తిట్టుకుంటూ, ఇవాళ షాపు ముందు కూర్చుని ఉండేవాడు. నేను తల ఎత్తాను. ఎదురుగా ఫేబ కళ్లు. ఆ కళ్ల ముందు ఆ మాట చెప్పలేకపోయాను. కాసేపు ఆమె బయటికి వెళితే చెబుదామనుకున్నాను. ఆమె బయటికి వెళ్లలేదు. ఆ సాయంత్రానికి వాడికి స్పృహ తప్పింది. ఆ తరువాత ఫేబ చేత సంతకం చేయించుకుని కాలు తీశారు. ఆలస్యమైపోయింది. రెండో రోజు పొద్దున పౌలు పోయాడు. గుడ్ ఫ్రైడే నాడు చర్చి మెట్ల మీద జనం కిక్కిరిసి ఉంటే, నేను గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను.

తరువాత రెండుసార్లు కూటాలకు పిలిచారు. గొంతు బాగాలేదన్నాను.

ఫేబ రోజూ మధ్యాహ్నం నాకు అన్నం తెచ్చి పెడుతోంది. పౌలుకు తీసుకువెళ్లిన డబ్బానే. మొన్న ఆదివారం డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లకుండా నిలబడింది.

“బావా, గా సినిమ నాకు ఒక్కసారి చూపెట్టుండ్రి. అది ఆయనను చంపింది నిజమే. గానీ తొమ్మిది నెలల సంది నవ్వనోడు ఏం చూసి నవ్విండో చూడాలె నేను.”

“ఎందుకు ఫేబా ఇప్పుడు?”

“చూడాలె. మీరే చెప్పుండ్రి, ఆయనకు చెప్పినట్టే చెప్పుండ్రి.”

టీవీ పెట్టాను. పౌలు కూర్చున్న కుర్చీలోనే ఆమె కూర్చుంది. కూతురి మాట వచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డ్రైవరు నడుస్తున్నాడు. నేను చెబుతున్నాను. నెయ్యి వేయడం లేదు. డ్రైవరు ఆ రాయి మీద కూలబడ్డాడు. వాడికి చెప్పినట్టే చెబితే ఆమె రేపు కూడా అన్నం తెస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు.

నేను ఆగలేదు. “నా పాదాలు నాకు ఎర్కైతలేవు, భయమైతుంది అంటున్నడు” అన్నాను. దవాఖాన వచ్చింది. “మూడు వారాలు కదలకు, వీటి మీద ఇంకా నడిస్తే ఇవి నీకు మిగలయి అని డాక్టరు చెప్తున్నడు.”

ఫేబ తెర వంక చూడటం మానేసి నా వంక చూసింది.

“గీ ముచ్చట ఆయనకు చెప్పిండ్రా?”

“లేదు.”

“ఏం చెప్పిండ్రు మరి?”

“డాక్టరు ఆశ్చర్యపోతుండని చెప్పిన.”

తెర మీద డ్రైవరు కొండ ఎక్కుతున్నాడు. సంగీతం మొదలైంది. నేను రిమోటు కోసం వెతికాను, కనబడలేదు. ఆమె అరవలేదు, తిట్టలేదు.

“దవాఖానలన్న చెప్పకపోతిరి బావా. గా మాట వింటే సంతకం చేస్తుండె. నేను గూడ గాడనే ఉంటి గద.”

“నువ్వు ఉన్నవనే చెప్పలే ఫేబా” అన్నాను.

ఆమె లేచింది. బల్ల మీది టిఫిన్ డబ్బా తీసుకుని సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను అప్పటికింకా అన్నం తినలేదు.